జానెడు గాటు

సన్నాయి గురవయ్య గుక్కపట్టి ఊదితే పీటల మీదున్న పెళ్లికొడుకు తాళి కట్టడం కూడా మరిచిపోతాడని ఆ చుట్టుపక్కల ఊళ్లలో చెప్పుకుంటారు. ఇందులో కొంత అతిశయోక్తి ఉంది. నిజానికి మరిచిపోయింది పెళ్లికొడుకు కాదు, మంత్రాలు చదువుతున్న పురోహితుడు. ఆయన కళ్లు మూసుకుని తల ఊపుతూ ఉండిపోతే, ముహూర్తం దాటిపోతోందని పెళ్లికూతురి తండ్రి భుజం తట్టి ఈ లోకంలోకి తీసుకొచ్చాడు. అప్పటినుంచీ పురోహితులు గురవయ్య మేళమంటే కాస్త జంకుతారు. పెళ్లివారు మాత్రం ముందు ఆయన ఇంటికొచ్చి, ఆ తర్వాతే పంచాంగం చూపించుకోవడానికి వెళతారు.

అంత ఊపిరి ఉన్న మనిషికి రెండు మూత్రపిండాల్లోనూ రాళ్లు పడ్డాయి. ఆ ఊరి బోరు నీళ్లకి ఇత్తడి బిందెలే గారకట్టిపోతాయి, మనిషి ఎంతని తట్టుకుంటాడు. కుడివైపు రాయి గంగరేగుపండంత ఉంది. ఎడమవైపుది దానికన్నా చిన్నదే గానీ పెరిగే వయసులో ఉంది. గురవయ్య ఉలవకట్టు తాగాడు, కొండపిండాకు కషాయం తాగాడు, అరటిదూట రసం తాగాడు. రాళ్లు ఆ మర్యాదలన్నీ స్వీకరించి ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఆసుపత్రికి పోదామని భార్య తిరపతమ్మ పోరినప్పుడల్లా ఏదో ఒక ముహూర్తం వంక పెట్టి తప్పించుకునేవాడు.

ఆయన భయం నొప్పి గురించి కాదు. ఆయనకి సన్నాయి నేర్పిన మేనమామ పున్నయ్యకి పూర్వం ఇదే జబ్బు చేసింది. ఆ రోజుల్లో పొట్ట పక్కనుంచి వీపుదాకా కోసి రాయి తీశారు. రాయి పోయింది, పున్నయ్య బతికాడు, ఆ తర్వాత చాలాకాలం తిన్నాడు, తిరిగాడు. కానీ తెగిన కండ మళ్లీ మునుపటిలా బిగుసుకోలేదు. సన్నాయి నోట పెట్టుకుంటే సగం పల్లవికే పక్కలో పట్టేసేది. పోయేదాకా ఆయన మేనల్లుడి మేళంలో వెనక కూర్చుని తాళం వేశాడు. తాళం వేస్తున్నంతసేపూ ఆయన పెదవులు సన్నాయి ఊదుతున్నట్టే కదులుతుండేవి. ఆ పెదవులు గుర్తొస్తే గురవయ్యకి ఇప్పటికీ దిగులు ముంచుకొస్తుంది.

చివరికి ఒక పెళ్లిలో కల్యాణి రాగం మధ్యలో మెలికలు తిరిగి పడిపోతే, మేళంవాళ్లే ఎత్తుకెళ్లి జిల్లా ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ డాక్టరు వకుళ ఉంది. ఏళ్లతరబడి పైవాళ్ల చుట్టూ తిరిగి, విసిగించి, వాళ్లు ఈమె బాధ పడలేక ఇచ్చేదాకా వదలకుండా ఒక గొట్టం మిషను తెప్పించుకుంది. పక్క కోయనక్కర్లేదని ఆమె గురవయ్యకి వివరించింది. వీపు మీద పెన్సిలు దూరేంత కన్నం చేసి, ఎక్స్‌రేలో చూసుకుంటూ సన్న గొట్టం లోపలికి పంపి, రాయిని అక్కడే పగలగొట్టి, ముక్కలు ఆ దారినే బయటికి లాగేస్తారట. గురవయ్య అంతా విని ఒక్క ప్రశ్న అడిగాడు.

“అమ్మా, ఊపిరి నిలబడుద్దా?”

“కండ కోయను. నీ ఊపిరి జోలికి నేను పోను,” అంది వకుళ.

ఆ మాట మీద గురవయ్య బల్ల ఎక్కి బోర్లా పడుకున్నాడు. ముందు కుడివైపు తీస్తామని, నెల పోయాక ఎడమవైపు తీస్తామని, మాఘమాసం ముహూర్తాలకి మనిషి మళ్లీ మేళంలో ఉంటాడని డాక్టరమ్మ చెప్పింది. చెప్పినట్టే కుడివైపు రాయి పటికబెల్లం పలుకుల్లా ముక్కలై సీసాలోకి వచ్చింది. గొట్టం తీసేశాక ఆ కన్నం కూడా నాలుగు రోజుల్లో పూడిపోయింది.

తిరపతమ్మ మొగుడి వీపు వెతికి వెతికి, ఇంతేనా అంది. బత్తాయిలు పట్టుకుని పలకరించడానికి వచ్చిన చుట్టాలు మరీ నిరాశపడ్డారు. అంత దూరంనుంచి బస్సులు మారి వచ్చినవాళ్లకి చూసి అయ్యో అనడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. గురవయ్యని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఇదేం ఆపరేషన్ అనుకుంటూ బత్తాయిల్లో సగం వెనక్కి తీసుకెళ్లారు. చుట్టాల దగ్గర మొదలైన ఈ అనుమానం ప్రభుత్వందాకా వెళుతుందని అప్పుడెవరూ అనుకోలేదు.

ఈ ఆపరేషన్లన్నీ సంపూర్ణ స్వస్థత పథకం కింద జరుగుతాయి. పథకంలో పేదవాడికి అన్నీ ఉచితమే, ఒక్క నమ్మకం తప్ప. ఎప్పుడో ఎక్కడో ఒక గడుసు ఆసుపత్రివాళ్లు దగ్గుకి మందు కోసం వచ్చినవాళ్ల పొట్టలకి పట్టీలు అంటించి, అందరికీ ఆపరేషన్లు చేశామని రాసుకున్నారట. అది బయటపడ్డాక పథకంవాళ్లు ఒక నియమం పెట్టారు. ఆపరేషన్ అయిన మనిషిని గాటు కనిపించేలా ఫోటో తీసి పంపాలి, ఆ గాటు జానెడుకు తగ్గకూడదు. అంగుళాలు, సెంటీమీటర్లు అంటే సామాన్యుడికి అర్థం కాదని, జానెడు అయితే ప్రతివాడి చేతిలోనూ ఉంటుందని, నియమం రాసిన పెద్దాయన దయతలిచి అలా రాశాడు.

ఆ నియమం జిల్లాలో అమలవుతోందో లేదో చూసేది పరిశీలనాధికారి పరాంకుశం. ఆయన గురించి ఒక్క చెడ్డమాట చెప్పడానికి లేదు. లంచం మాట దేవుడెరుగు, తనిఖీకి వెళ్లిన చోట మంచినీళ్లు కూడా ముట్టుకోడు, ఇంటినుంచి సీసాతో తెచ్చుకుంటాడు. నియమాన్ని మాత్రం కన్నబిడ్డలా చూసుకుంటాడు.

ఆసుపత్రి నుంచి గురవయ్య వీపు ఫోటో వెళ్లింది. “వీపు బాగున్నది, గాటు కానరాలేదు” అని రాసి పరాంకుశం వెనక్కి పంపాడు. కన్నం ఉన్నచోట సిరాతో సున్న చుట్టి రెండో ఫోటో పంపారు. “సున్న కానవచ్చినది, గాటు కానరాలేదు” అని తిరిగొచ్చింది. వకుళకి ఒళ్లుమండి, కెమెరా వీపుకి ఆనించినంత దగ్గరగా పెట్టించి మూడోది తీయించింది. ఈసారి చర్మం తప్ప మరేమీ లేకపోవడంతో ఇది ఎవరి వీపో, అసలు వీపో కాదో నిర్ధారించలేకపోతున్నానని పరాంకుశం విచారం వెలిబుచ్చాడు. కుడివైపు సంగతి తేలేదాకా ఎడమవైపు ఆపరేషన్‌కి అనుమతి ఇచ్చే ప్రసక్తి లేదని కింద ఎర్రసిరాతో చేర్చాడు.

గురవయ్యకి గుండెల్లో రాయి పడింది, ఎడమవైపుది చాలదన్నట్టు. అది అప్పటికే సలపడం మొదలుపెట్టింది.

నాలుగో ఫోటోకి అవకాశం ఇవ్వకుండా పరాంకుశం తానే భూతద్దం, మంచినీళ్ల సీసా పట్టుకుని వచ్చాడు. గురవయ్య చొక్కా విప్పి నిలబడ్డాడు. పరాంకుశం చాలాసేపు పరిశీలించి, ఒకచోట ఆగి ఇదేనా అన్నాడు. అది పుట్టుమచ్చ అని వకుళ చెప్పింది. ఇంకోచోట ఆగాడు. అది దోమ కుట్టింది అంది. చివరికి ఆమే వేలుపెట్టి చూపిస్తే, ఆయన భూతద్దం దించి కళ్లు తుడుచుకున్నాడు.

“దీనిని గాటు అనుటకు నా అంతరాత్మ అంగీకరించుట లేదు,” అన్నాడు.

గాటు లేకపోవడమే ఈ పద్ధతి గొప్పతనమని వకుళ చెప్పింది. రాయి ముక్కలున్న సీసా తెచ్చి చూపించింది. రాళ్లు ఎక్కడైనా దొరుకుతాయని, గాటు ఒక్కటే మనిషి ఒంటిమీద తప్ప దొరకదని ఆయన వాదం. ఆపరేషన్ తర్వాత తీసిన స్కానింగు చూపించి, ఇదిగో ఇప్పుడు రాయి లేదంది. రాయి లేని ఫోటో రుజువైతే తన ఇంటి దొడ్డి ఫోటో కూడా రుజువేనని, అందులోనూ మూత్రపిండంలో రాయి కనిపించదని ఆయన నెమ్మదిగా బదులిచ్చాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని కొందరు అరుస్తారు. పరాంకుశం అరవడు, నాలుగోకాలు ఎక్కడుందో చూపించమని మర్యాదగా అడుగుతాడు.

ఆసుపత్రి సూపరింటెండెంటు సత్యప్రకాశం వచ్చే ఏడాది రిటైరవుతున్నాడు. అందువల్ల ఆయన ఎవరు ఏమి చెప్పినా నిజమే అంటున్నాడు. ఇద్దరికీ మధ్య ఏదైనా దారి వెతకమని ఆయనే పరాంకుశాన్ని కోరాడు. పరాంకుశం కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, ప్రసన్నవదనంతో ఇటు తిరిగాడు.

“చికిత్సకు గాటు అవసరము లేదని డాక్టరు గారనుచున్నారు. నేనంగీకరిస్తున్నాను. కానీ పథకమునకు అవసరము. కనుక చికిత్స వారి పద్ధతిన ముగిసిన పిమ్మట, పథకము నిమిత్తము ప్రత్యేకముగా ఒక జానెడు గాటు పెట్టి, కుట్టి, ఫోటో తీసిన యెడల ఉభయతారకముగా నుండును. దీనిని రుజువు గాటు అనవచ్చును.”

సత్యప్రకాశం నిజమే అన్నాడు. గురవయ్యకి ఆ భాష సగమే అర్థమైంది, కానీ అర్థమైన సగం చాలు. చొక్కా తీసుకుని గబగబా తొడుక్కున్నాడు.

వకుళ రాయి ముక్కల సీసాని బల్లమీద ఠక్కున పెట్టింది. ఎవరి జానెడో కూడా సెలవివ్వండి అంది. ఆమె వెటకారంగానే అంది గానీ, పరాంకుశం ఆ ప్రశ్నకి నిజంగా ఉలిక్కిపడ్డాడు. ఇంతకాలం ఇంత ముఖ్యమైన సంగతి ఎవరికీ తట్టలేదని ఆమెని మెచ్చుకుని, స్పష్టత కోరుతూ రాజధానికి రాశాడు. రాజధానిలో దీని మీద మూడు సమావేశాలు జరిగాయి. మనిషికో జానెడు ఉంటే అరాచకమని, రోగి జానెడు తీసుకుంటే పొట్టివాళ్లకి లాభమని, డాక్టరు జానెడు తీసుకుంటే పక్షపాతమని తర్కించి, జిల్లా పరిశీలనాధికారి జానెడే ప్రమాణమని తేల్చారు.

పరాంకుశం పొడగరి. చెయ్యి చాస్తే బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య పనసకాయ పట్టేది. ఉత్తర్వు అందిన మర్నాడే వచ్చి, హద్దులు గుర్తుపెట్టడం కోసమని గురవయ్య కుడిపక్కమీద చెయ్యి ఆనించి చూశాడు. బొటనవేలు వెన్నెముక దగ్గర ఆనితే చిటికెనవేలు పొట్టమీదకి వచ్చింది. మేనమామ పున్నయ్య గాటు సరిగ్గా అక్కడే మొదలై, దానికన్నా బెత్తెడు ముందే ఆగిపోయిందని గురవయ్యకి గుర్తుంది. పైపైన కోస్తే సరిపోదా అని సత్యప్రకాశం అడిగాడు. పైపైన కోసిన గాటు పైపైన చేసిన ఆపరేషన్‌ని సూచిస్తుందని, లోతు తగ్గడానికి వీల్లేదని పరాంకుశం బాధపడుతూనే చెప్పాడు. ప్రభుత్వం పక్షాన గురవయ్య చెయ్యి పట్టుకుని, దేశంకోసం కొందరు ప్రాణాలే ఇచ్చారని గుర్తుచేశాడు.

అక్కడినుంచి వచ్చాక గురవయ్యకి నిద్ర లేదు. ఎడమవైపు నొప్పి రోజురోజుకీ ముదురుతోంది. ఇంకొంతకాలం పోతే రాయి దారికి అడ్డంపడి మూత్రపిండమే పాడవుతుందని డాక్టరమ్మ చెప్పింది. రుజువు గాటుకి ఒప్పుకుంటే ఎడమవైపుకి అనుమతి వస్తుంది, ఊపిరి పోతుంది. ఒప్పుకోకపోతే ఊపిరి ఉంటుంది, అది ఊదడానికి మనిషి ఉండడు. నూతికీ గోతికీ మధ్య ఎంతసేపు నిలబడతాడు. ఒకనాడు పొద్దున్నే లేచి, సన్నాయిని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టి, కోయించుకుంటానని భార్యతో చెప్పాడు. ఇకనుంచి మేళంలో తాళం వేసుకుంటానన్నాడు.

తిరపతమ్మ పొయ్యిమీద పాలు వదిలేసి వచ్చింది.

“రాయి తీసినందుకు కొయ్యలా. తీసినామని చెప్పటానికి కోస్తారా? ఆ సన్నాయి దించు. నేను మా తమ్ముణ్ని పిలుస్తా.”

ఆమె తమ్ముడు అంకారావు డాక్టరూ కాదు, ప్లీడరూ కాదు. పద్యనాటకాల కంపెనీలో రంగులు వేస్తాడు. ముఖాలు అందరూ వేస్తారు, అంకారావు ప్రత్యేకత గాయాలు. యుద్ధం సీనులో అతను దిద్దిన గాయం చూసి ముందు వరసలో ఆడవాళ్లు కొంగు నోటికడ్డం పెట్టుకుంటారు. ఒకసారి శత్రురాజు వేషగాడు విరామంలో టీ తాగడానికి బయటికి వస్తే, జనం మోసుకెళ్లి రిక్షాలో పడుకోబెట్టారు. అక్క చెప్పిందంతా విని అంకారావు బావ పక్కన చాప పరిచి, రంగుల పెట్టె తెరిచాడు.

“ఎట్టాంటి గాటు కావాల బావా? పచ్చిదా, మానతన్నదా?”

మానుతున్నదే కావాలన్నాడు గురవయ్య. అంకారావు మైనం కరిగించి గట్టు కట్టాడు, కుంకుమపువ్వు రంగు వేసి అంచులకి నీలం దిద్దాడు, నల్లదారం ముక్కలు కత్తిరించి కుట్లుగా అంటించాడు. పని అయ్యాక తిరపతమ్మకి చూపిస్తే, అన్నీ తెలిసిన మనిషే, అయ్యో అని మొగుడి పక్క నిమరబోయింది. ముట్టుకోవద్దని అంకారావు అరిచాడు. నీళ్లు తగలకూడదు, చెమట అసలే పట్టకూడదు అని మరీ మరీ చెప్పాడు. గురవయ్యని ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు వకుళ ఆ గాటుని చూసింది. నెల రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చి, కొంగు అడ్డం పెట్టుకుని, నేనేమీ చూడలేదని చెప్పి గదిలోంచి వెళ్లిపోయింది.

ఆసుపత్రివాళ్లు ఆ గాటుకి తీసి పంపిన ఫోటో చూసిన పరాంకుశం కుర్చీలో కూర్చోలేక స్వయంగా వచ్చాడు. గాటు పచ్చిగా ఉంది, చెయ్యి తగిలితే చీముపడుతుందని అంకారావు అడ్డం నిలబడితే, గాలిలోనే జానెడు పెట్టి కొలిచి, సరిగ్గా సరిపోయిందని తన సంతకంతో ధ్రువీకరించాడు. వకుళ చెయ్యి పట్టుకుని, ఇంతటి హస్తవాసి పెట్టుకుని కన్నాలతో కాలం గడపడం ఏమిటమ్మా అని ప్రేమగా మందలించాడు. ఆ ఫోటో రాజధానికి వెళ్లింది. అక్కడివాళ్లు దానికి ఆదర్శ గాటు అని పేరుపెట్టి, పటం కట్టించి, అన్ని ఆసుపత్రులకీ ఒక్కొక్కటి పంపారు. మంచి మంచి సర్జన్లు దాన్ని చూసి, తమ కుట్లు ఇంత కుదురుగా ఎందుకు రావడం లేదా అని చింతపడ్డారు.

ఇక ఎడమవైపు అనుమతి సంతకం కావడమే తరువాయి. అయితే అటువంటి అనుమతిని బంట్రోతుతో పంపడం మర్యాద కాదని, గాటు పారదర్శకతా వారోత్సవాల్లో పథకం అదనపు సంచాలకులవారి చేతులమీదుగా వేదిక మీద అందజేయాలని పైనుంచి ఆదేశం వచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి సభ పెట్టందే ఇవ్వడు. సభకి ఆదర్శ లబ్ధిదారుడు ఒకడు కావాలి, మంగళవాద్యం కావాలి. రెండింటి ఎదుటా గురవయ్య పేరే ఉండటంతో, ఆఫీసువాళ్లు ఒక మనిషి భోజనం మిగిలిందని సంతోషించారు.

ఆసుపత్రి ఆవరణలో షామియానా వేశారు. చలికాలమని పేరేగానీ పైన ఎండ మండుతోంది, కింద రేకుల కుర్చీలు కాలుతున్నాయి. పొద్దున్నే అంకారావు కొత్తగా గాటు దిద్దిన గురవయ్యని పట్టుపంచె కట్టించి, చొక్కా లేకుండా, కుడిపక్క పెద్దలకి కనిపించేలా వేదిక అంచున కూర్చోబెట్టారు. ఫ్యాన్లు రెండే ఉన్నాయి, రెండూ సంచాలకులవారి వైపు తిరిగి ఉన్నాయి. ఒక చిన్న మంగళం ఊది ఆపెయ్యి బావా అని అంకారావు చెవిలో చెప్పి, చేతిలో తువ్వాలుతో వేదిక పక్కనే నిలబడ్డాడు.

ఆపరేషన్ తర్వాత గురవయ్య సన్నాయి నోట పెట్టడం అదే మొదటిసారి. పక్కలో ఎక్కడ పట్టేస్తుందోనని భయపడుతూనే మొదటి గుక్క వదిలాడు. పట్టలేదు. రెండోది ఇంకాస్త పొడుగ్గా తీశాడు. ఊపిరి నాభిలోంచి లేచి, కుడిపక్క మీదుగా, అడ్డూ ఆపూ లేకుండా వచ్చింది. ఆయన ఒళ్లు పులకరించింది. కన్నీళ్లు వచ్చాయి. ఆపెయ్యమన్న మాట గుర్తే లేదు. మంగళం కాస్తా ఖరహరప్రియ అయింది, రాగం పైపైకి పోతోంది, డోలువాడు కూడా పూనకం వచ్చినట్టు వాయిస్తున్నాడు. అదనపు సంచాలకులవారు సంగీతప్రియులు, తొడమీద తాళం వేస్తూ ఇంకా, ఇంకా అన్నారు.

ముందు మైనం మెత్తబడింది. తర్వాత నీలం ఎరుపులో కలిసింది. అంకారావు తువ్వాలు ఊపుతున్నాడు, గురవయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. నల్లదారం కుట్లు ఒక్కొక్కటే జారి పట్టుపంచె మీద పడ్డాయి. రాగం ముగిసేసరికి ఆదర్శ గాటంతా నడుముకి దిగి, పంచెకి అంచులా మిగిలింది. పక్కమీద ఏమీ లేదు, ఒక పుట్టుమచ్చ తప్ప.

సత్యప్రకాశం నిజమే అందామనుకుని, ఎవరూ ఏమీ అనకపోవడంతో ఆగాడు. గురవయ్య కళ్లు తెరిచి, అందరూ తన పంచెనే చూస్తుంటే తనూ చూసుకున్నాడు. ఇక కుడీ లేదు, ఎడమా లేదు, జైలేననుకున్నాడు.

పరాంకుశం లేచాడు. ఆయన ముఖం పాలిపోయింది. అది రంగు అనడానికి వీల్లేదు, కొలిచి సంతకం పెట్టింది తానే. పటం కట్టి పంచింది రాజధాని. కనుక అది గాటే అయివుండాలి. ఆయన గొంతు సవరించుకుని, అదనపు సంచాలకులవారికి నమస్కరించాడు.

“గాటు స్వేదము కారణముగా లుప్తమైనది. గాటు లేనందున ఆపరేషన్ లేదు. ఆపరేషన్ లేనందున కుడివైపు రాయి యథాస్థానమున ఉన్నట్లు పరిగణించవలసి యున్నది.”

సంచాలకులవారు చలించిపోయారు. ఇంత గొప్ప కళాకారుడు కడుపులో అంత రాయి పెట్టుకుని ఊదుతుంటే పథకం ఏం చేస్తోందని గర్జించారు. కుడివైపు ఆపరేషన్‌కి అప్పటికప్పుడు, అత్యవసరమని రాసి, వేదిక మీదే సంతకం పెట్టారు. చెమటకి కరిగే గాట్లు ఇకమీదట పెట్టరాదని అన్ని ఆసుపత్రులకీ ఉత్తర్వు పంపమన్నారు. ఎడమవైపు సంగతి ఏమిటని ఎవరో గుర్తుచేస్తే, కుడి తేలనిదే ఎడమ లేదని పరాంకుశం అన్నాడు.

ఆ కాగితం చేతికి రాగానే వకుళ సభ అయ్యేదాకా కూడా ఆగకుండా గురవయ్యని ఆసుపత్రిలో చేర్చుకుంది. మర్నాడు పొద్దున్నే బల్లమీద బోర్లా పడుకోబెట్టింది.

“అమ్మా, కుడివైపు రాయి లేదు గదా. మళ్లీ ఏం తీస్తారు?”

“కాగితం కుడివైపుకిచ్చారు. నొప్పి ఏ వైపు?”

“ఎడమ వైపమ్మా.”

“నేను నొప్పి వైపే చేస్తాను,” అని ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

ఎడమరాయి కూడా పలుకులై సీసాలోకి వచ్చింది. ఫోటో కోసం ఈసారి ఎవరూ కంగారుపడలేదు. ఆదర్శ గాటు పటం సూపరింటెండెంటు గదిలోనే వేలాడుతోంది, దాన్నే ఇంకో కాపీ తీసి పంపారు. అది అప్పటికే ఆదర్శమని తేలినది కాబట్టి పరాంకుశం మారుమాట లేకుండా ఆమోదించాడు. లెక్క ప్రకారం కుడివైపు రాయి పోయింది, ఎడమవైపుది మాత్రం ఇంకా ఉంది.

మాఘమాసంలో మొదటి ముహూర్తానికే గురవయ్య పీట వేసుకుని కూర్చున్నాడు. తిరపతమ్మ ఎన్నడూ లేనిది ఆ పెళ్లికి వెంట వచ్చి, పందిట్లో ఒక మూల చేరి, ఎక్కడైనా ఊపిరి తెగుతుందేమోనని చెవులు రిక్కించి వింది. తెగలేదు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

తాళి కట్టే వేళకి పథకం ఆఫీసునుంచి ఒక ఉద్యోగి మోటారుసైకిలు మీద వచ్చాడు. మెడలో గుర్తింపుకార్డు, చేతిలో కవరు. ఎడమవైపు ఆపరేషన్‌కి అనుమతి వచ్చిందని, సోమవారం వచ్చి చేరాలని, గాటు జానెడుకు తగ్గదని, చెమటకి కరగదని గురవయ్యకి చెప్పాలట. గురవయ్య గుక్కలో ఉన్నాడు. సన్నాయి దించకుండా, కనుబొమలతో భార్యని చూపించాడు.

తిరపతమ్మ ఆ కవరు అందుకోలేదు.

“ఆ రాయి మీ కాడే ఉంది నాయనా, మా కాడ లేదు. ఎండనబడి వచ్చినావు, కూకో, భోంచేసి పో.”

అతను కాసేపు తటపటాయించి, కవరు మడిచి జేబులో పెట్టుకుని, బంతిలోకి నడిచాడు. ఆకు వేశారు, నీళ్లు చల్లుకున్నాడు, పప్పు వడ్డించారు. అతను అప్పడం విరుచుకునేదాకా గురవయ్య ఆ గుక్క వదల్లేదు.